ఎవరి గడప తొక్కితే వారిదేనా బాధ్యత?
(మాస్టారి స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక్క షరతు పెట్టారు. మాస్టారి గురించి తక్కువ మాట్లాడాలి, ఆయన పట్టించుకున్న విషయం గురించి ఎక్కువ మాట్లాడాలి. ఆయనకీ ఇదే ఇష్టంగా ఉండేది. పొగడ్త మొదలవగానే కళ్ళజోడు తీసి తుడుచుకోవడంలో పడిపోయే మనిషి. అంతర్జాతీయ న్యాయశాస్త్రం చెప్పేటప్పుడు ఆయన మా చేత ఆర్టికల్ నంబర్లు బట్టీ పట్టించలేదు. ఏ ఒప్పందం చదివినా, "బాగుంది, దీని ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది?" అని అడిగేవారు. 1942లో రంగూన్ మీద జపాన్ బాంబులు పడుతుంటే కొండదారుల్లో నడిచి వచ్చిన వేలాది తెలుగు కుటుంబాల్లో ఆయనదీ ఒకటి. అప్పటి పత్రికలు వాళ్ళని కాందిశీకులు అన్నాయి. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. అక్కడ ఉండేవాళ్ళలో చాలామందికి ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలియదు.

ఆయన అడిగే ఆ ప్రశ్ననే ఇవాళ యూరప్ మీద పెట్టి చూస్తాను. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళని ఏ దేశం ఉంచుకోవాలి, ఎంతమందిని ఉంచుకోవాలి, ఎవరి ఖర్చుతో ఉంచుకోవాలి? ముప్ఫై ఏళ్ళకి పైగా యూరోపియన్ యూనియన్ ఈ లెక్క తేల్చుకోలేక సతమతమవుతోంది. సంపన్న దేశాలు, చదువుకున్న ప్రభుత్వాలు, పుష్కలంగా న్యాయవాదులు ఉన్నా తేలలేదు. ఎందుకు తేలలేదన్నదే నా విషయం.

మొదట డబ్లిన్ సంగతి చెప్పాలి. 1990 జూన్ 15న ఆ నగరంలో, ఆశ్రయం కోరే దరఖాస్తుని ఏ దేశం చూడాలో తేల్చే ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. 1997లో అమల్లోకి వచ్చింది. 2003లో, మళ్ళీ 2013లో చట్టంగా మార్చి రాసుకున్నారు. అందులో కుటుంబ సభ్యులు ఎక్కడున్నారు, వీసా ఎవరిచ్చారు వంటి అంశాలు ముందు వస్తాయి. కానీ పడవెక్కి వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి చివరికి వర్తించేది ఒకే సూత్రం. మనిషి యూరప్‌లో మొదట ఏ దేశంలోకి అడుగుపెడితే అతని దరఖాస్తు ఆ దేశమే చూడాలి. అతను అక్కణ్ణుంచి జర్మనీకో నెదర్లాండ్స్‌కో వెళ్తే, పట్టుకుని వెనక్కి పంపవచ్చు. ఎవరు మొదట ఎక్కడ దిగారో తేల్చడానికి యూరోడాక్ అనే వేలిముద్రల నిల్వ 2003లో మొదలైంది. వేలిముద్ర పడితే బతుకంతా ఆ దేశంలోనే అని తెలిసి, కొందరు వేళ్ళ కొనలు కాల్చుకున్నారు.

కాగితం మీద చూస్తే ఈ సూత్రంలో తర్కం ఉన్నట్టే ఉంటుంది. లోపలి సరిహద్దులు ఎత్తేశాం కాబట్టి బయటి సరిహద్దు కాసేవాడు జాగ్రత్తగా కాయాలి, రానిచ్చినవాడే భరించాలి అన్నది దాని వెనకున్న ఆలోచన. మ్యాప్ తీసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. సిరియా నుంచి వచ్చేవాడు లక్సెంబర్గ్‌లో మొదటి అడుగు ఎలా పెడతాడు? విమానంలో పెట్టాలి. వీసా లేని ప్రయాణికుణ్ణి ఎక్కించుకుంటే విమాన సంస్థకి జరిమానా పడుతుంది. యుద్ధంలో ఉన్న దేశస్థుడికి వీసా రాదు. షెంగెన్ వీసా కోసం హైదరాబాదులో బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం కాగితాలు పట్టుకుని వరసలో నిలబడినవాళ్ళు ఈ సభలో ఉండే ఉంటారు. ఇల్లు కూలిపోయిన మనిషి ఆ కాగితాలు ఎక్కణ్ణుంచి తెస్తాడు? కాబట్టి మిగిలింది సముద్రమే. టర్కీ ఒడ్డు నుంచి గ్రీసు దీవులకి పర్యాటకుడు కొద్దిపాటి టికెట్‌తో ఫెర్రీలో వెళ్తాడు. అదే నీటి మీద శరణార్థి దళారికి వెయ్యి యూరోలూ అంతకు మించీ ఇచ్చి రబ్బరు పడవలో వెళ్తాడు. సముద్రం ఒడ్డున ఉన్న దేశాలు గ్రీసు, ఇటలీ, మాల్టా, స్పెయిన్, సైప్రస్. అంటే డబ్లిన్ సూత్రం బాధ్యతని పంచలేదు. భూగోళానికి వదిలేసింది. నన్నడిగితే అది ఉత్తరాది దేశాలు తమ చుట్టూ కట్టుకున్న గోడ. దానికి చట్టం అని పేరు పెట్టారు.

ఆ భారం గ్రీసు మోయలేకపోయిందని న్యాయస్థానమే చెప్పింది. ఒక అఫ్ఘాన్ యువకుణ్ణి బెల్జియం 2009లో డబ్లిన్ నిబంధన కింద గ్రీసుకి పంపింది. అతను అక్కడ నిర్బంధంలో, ఆ తర్వాత ఏథెన్స్ పార్కులో పడుకుంటూ గడిపాడు. 2011 జనవరి 21న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం గ్రీసునే కాదు, పంపిన బెల్జియాన్ని కూడా తప్పుపట్టింది. ఆ తీర్పుతో గ్రీసుకి తిప్పి పంపడం కొన్నేళ్ళపాటు దాదాపు ఆగిపోయింది. సూత్రం మాత్రం అలాగే ఉంది. పనిచేయదని అందరికీ తెలిసిన నిబంధనని ఎవరూ తీసెయ్యరు. తీసేస్తే దాని స్థానంలో ఏం పెట్టాలో మాట్లాడుకోవలసి వస్తుంది కదా.

2015కి వద్దాం. ఆ ఏడాది పది లక్షలకు మించి జనం మధ్యధరా సముద్రం దాటారు. గ్రీసులోని లెస్వోస్ దీవి జనాభా తొంభై వేల లోపే. ఆ ఒక్క దీవి మీదుగా అయిదు లక్షల దాకా జనం వెళ్ళారు. దీవి జాలర్లు వలలు పక్కన పెట్టి పడవల్లోంచి పిల్లల్ని దింపారు. జర్మనీ తలుపులు తెరిచింది. ఆగస్టు 31న చాన్సలర్ ఆంగెలా మెర్కెల్ "మనం చేయగలం" అన్నారు. ఆ ఏడాది జర్మనీకి చేరినవాళ్ళు దాదాపు 8,90,000. కోటికి కాస్త తక్కువ జనాభా ఉన్న స్వీడన్‌లో 1,63,000 దరఖాస్తులు పడ్డాయి. నవంబరు 24న స్వీడన్ ఉపప్రధాని ఓసా రోమ్‌సన్ ఆశ్రయ నిబంధనలు బిగిస్తున్నట్టు విలేకరులకి చెబుతూ కన్నీళ్ళు ఆపుకోలేకపోయారు. మంచి ప్రభుత్వాలు కూడా ఒంటరిగా మంచిగా ఉండలేవని ఆ కన్నీళ్ళు చెప్పాయి.

ఇక పంపకం. 2015 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ మంత్రులు రెండు నిర్ణయాలు చేశారు. ఇటలీ, గ్రీసుల నుంచి 1,60,000 మందిని మిగతా దేశాలకి తరలించాలన్నారు. తీసుకున్న ప్రతి మనిషికీ 6,000 యూరోలు ఇస్తామన్నారు. సెప్టెంబరు 22 నాటి ఓటింగులో హంగరీ, చెక్ రిపబ్లిక్, స్లొవాకియా, రుమేనియా వ్యతిరేకంగా ఓటేశాయి. ఫిన్లాండ్ ఓటు వెయ్యలేదు. నిర్ణయం మెజారిటీతో నెగ్గింది. ఇందాకటి అంకె గుర్తుంచుకోండి. యూనియన్ మొత్తం కలిసి రెండేళ్ళలో తీసుకోవాలనుకున్న సంఖ్య, స్వీడన్ ఒక్కటే ఒక్క ఏడాదిలో తీసుకున్న దరఖాస్తుల కంటే తక్కువ. దాని కోసమే ఇంత రభస.

గడువు 2017 సెప్టెంబరులో ముగిసింది. మొత్తమ్మీద తరలించింది సుమారు 35 వేల మందిని. హంగరీ, పోలండ్ ఒక్కరినీ తీసుకోలేదు. చెక్ రిపబ్లిక్ 12 మందిని తీసుకుంది. హంగరీ, స్లొవాకియా కోర్టుకెళ్ళి 2017 సెప్టెంబరు 6న ఓడిపోయాయి. పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్ తమ బాధ్యత నెరవేర్చలేదని 2020 ఏప్రిల్ 2న యూనియన్ న్యాయస్థానం తేల్చింది. అప్పటికి పథకమే ముగిసిపోయి రెండున్నరేళ్ళు దాటింది.

తూర్పు దేశాలు మొండికేశాయి, అందుకే చెడింది అని బ్రస్సెల్స్‌లో చెబుతారు. అందులో నిజం ఉంది. కానీ మొత్తం నిజం అది కాదు. ఆ పథకంలో శరణార్థిని ఏ దేశానికి వెళ్తావని అడగలేదు. పేరు జాబితాలో పడితే లాత్వియా అంటే లాత్వియాయే. అక్కడ బంధువు లేడు, భాష రాదు, తన ఊరివాళ్ళు నడిపే కొట్టు లేదు. బాల్టిక్ దేశాలకి వెళ్ళినవాళ్ళలో చాలామంది కొద్ది నెలల్లోనే జర్మనీకి చేరుకున్నారు. పైగా పథకంలోకి రావాలంటే మనిషి సొంత దేశస్థుల దరఖాస్తులు యూనియన్‌లో సగటున నూటికి కనీసం 75 ఆమోదం పొందుతూ ఉండాలి. అఫ్ఘాన్‌లకి ఆ అర్హత రాలేదు. గ్రీసు దీవుల్లో ఇరుక్కున్నవాళ్ళలో వాళ్ళు చాలామందే. లెస్వోస్‌లోని మోరియా శిబిరం మూడు వేల మందికి కట్టింది. 2020 మొదట్లో అందులోనూ చుట్టుపక్కల ఆలివ్ తోటల్లోనూ ఇరవై వేలమంది దాకా ఉన్నారు. ఆ సెప్టెంబరులో అది తగలబడిపోయింది.

యూరప్‌కి పంచుకోవడం చేతకాదని అనుకోవడానికి మాత్రం వీల్లేదు. ఒకప్పుడు పంచుకుంది. 1956 నవంబరులో సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లో తిరుగుబాటుని అణచేశాక రెండు లక్షల మంది హంగరీ వదిలిపోయారు. అందులో 1,80,000 మంది ఆస్ట్రియాలోకి వెళ్ళారు. చాలామంది ఆందావ్ ఊరి దగ్గర కాలవ మీద ఉన్న చిన్న వంతెన దాటి నడిచారు. ఆస్ట్రియా అప్పటికి ఏడాది క్రితమే పరాయి సైన్యాల నుంచి విముక్తి పొందిన బీద దేశం. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ పిలుపు ఇవ్వగానే రైళ్ళు, బస్సులు, విమానాలు కదిలాయి. ముప్ఫై ఏడు దేశాలు వాళ్ళని తీసుకున్నాయి. హంగరీలోని షోప్రోన్ అటవీ కళాశాల అధ్యాపకులు, విద్యార్థులు కలిసికట్టుగా కెనడాలోని వాంకూవర్‌కి వెళ్ళి అక్కడి బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో తమ చదువు తామే కొనసాగించారు.

ఈ ఉదాహరణ చెప్పి చాలామంది ఆగిపోతారు. మాస్టారైతే ఆగనిచ్చేవారు కాదు. ఆ ఉదారత వెనక ప్రచ్ఛన్న యుద్ధం ఉంది. కమ్యూనిజం నుంచి పారిపోయి వచ్చిన ప్రతి మనిషీ పశ్చిమ దేశాలకి ఒక సాక్ష్యం. ఆ దేశాల ప్రతినిధులు ఆస్ట్రియా శిబిరాలకి వచ్చి కుర్రవాళ్ళని, చదువుకున్నవాళ్ళని ముందు ఏరుకున్నారు. ముసలివాళ్ళు, క్షయ రోగులు శిబిరాల్లో మిగిలారు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. అప్పుడు ఎవరూ ఆస్ట్రియాతో, నీ గడప తొక్కారు కాబట్టి నువ్వే ఉంచుకో అనలేదు. 1951 శరణార్థుల ఒప్పందం పీఠికలోనే ఈ ఆలోచన ఉంది. ఆశ్రయం ఇవ్వడం కొన్ని దేశాల మీద మోయలేని భారం వేయవచ్చు కాబట్టి అంతర్జాతీయ సహకారం లేనిదే పరిష్కారం లేదని అది ఒప్పుకుంటుంది. పీఠికలో ఉన్న ఆలోచన ఆర్టికల్స్‌లోకి దిగలేదు. మనిషిని వెనక్కి నెట్టకూడదన్న నియమం ఉంది. అతన్ని ఉంచుకున్నవాడికి పక్కవాడు సాయం చెయ్యాలన్న నియమం లేదు. ఇన్నేళ్ళ గొడవకి మూలం ఆ ఖాళీయే.

బోస్నియా యుద్ధంలో ఆ ఖాళీ మళ్ళీ బయటపడింది. 1992 నుంచి 1995 దాకా జర్మనీ సుమారు మూడున్నర లక్షల మంది బోస్నియన్‌లకి చోటిచ్చింది. 1994లో యూనియన్ అధ్యక్ష స్థానంలో ఉన్నప్పుడు జనాభా, విస్తీర్ణం, జాతీయాదాయం లెక్కన పంచుకుందామని ప్రతిపాదించింది. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. కొసోవో యుద్ధం తర్వాత, 2001 జూలైలో, తాత్కాలిక రక్షణ ఆదేశం వచ్చింది. ఒక్కసారిగా జనం వచ్చిపడితే దరఖాస్తులు ఒక్కొక్కటీ పరిశీలించకుండా అందరికీ వెంటనే రక్షణ ఇవ్వొచ్చని అది చెప్పింది. మంచి చట్టం. 2011లో ఇటలీ, మాల్టా దాన్ని వాడమన్నాయి, వాడలేదు. 2015లోనూ వాడలేదు. ఇరవయ్యేళ్ళు బీరువాలో ఉంది.

లెక్క వెయ్యడం తెలియకనా అంటే, జర్మనీ లోపల రోజూ వేస్తూనే ఉంటారు. వచ్చినవాళ్ళని పదహారు రాష్ట్రాల మధ్య పంచడానికి ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి కోనిగ్‌స్టైన్ ఊరి పేరుతో ఒక సూత్రం ఉంది. పన్ను ఆదాయానికి మూడింట రెండు వంతులు, జనాభాకి ఒక వంతు. 1949లో పరిశోధన సంస్థల ఖర్చు పంచుకోవడానికి పెట్టుకున్న లెక్క అది. ఇప్పుడు మనుషుల్ని పంచడానికీ అదే. నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాకి నూటికి సుమారు 21, బ్రెమెన్‌కి ఒకటి. ప్రతి ఏటా రాష్ట్రాలకీ బెర్లిన్‌కీ డబ్బు మీద తగాదా ఉంటుంది. అయినా లెక్క నడుస్తుంది, ఎందుకంటే పైన ఒక ప్రభుత్వం ఉంది, ఒక ఖజానా ఉంది. యూరోపియన్ యూనియన్‌కి లేనివి ఆ రెండే.

ఇప్పుడు 2022. ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. ఎనిమిది రోజులు తిరక్కుండా, మార్చి 4న, బీరువాలోని చట్టం బయటికి వచ్చింది. దాన్ని అమల్లోకి తెచ్చింది అదే మొదటిసారి. నివాసం, పని, బడి, వైద్యం, అన్నీ వెంటనే. దాని తర్వాతి ముఖ్యమైన సంగతికి పత్రికల్లో తగినంత చోటు దొరకలేదు. ఎవరు ఎక్కడ మొదట అడుగుపెట్టారని ఎవరూ అడగలేదు. ఉక్రెయిన్ పౌరులకి 2017 నుంచే వీసా అక్కర్లేదు. రైలెక్కి తమకి తెలిసినవాళ్ళున్న చోటికి వెళ్ళారు. మరొక దేశానికి వెళ్ళినా వెనక్కి పంపబోమని ప్రభుత్వాలు ముందే మాట ఇచ్చుకున్నాయి. కోటా లేదు, తరలింపు జాబితా లేదు. ఆ తర్వాత మూడు నాలుగేళ్ళలో యూనియన్‌లో రక్షణ పొందినవాళ్ళు నలభై లక్షలకు పైమాటే. జర్మనీలో పదకొండు, పన్నెండు లక్షలు, పోలండ్‌లో పది లక్షలకు అటూ ఇటూ. జనాభా నిష్పత్తిలో చూస్తే అందరికంటే పైన ఉన్న దేశాల్లో చెక్ రిపబ్లిక్ ఒకటి. మీరు సరిగ్గానే విన్నారు. పన్నెండు మందిని తీసుకున్న దేశమే.

పోలండ్ గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. మొదటి నెలలోనే ఇరవై లక్షలకు పైగా జనం ఉక్రెయిన్ నుంచి ఆ దేశంలోకి దాటారు. సరిహద్దు పట్టణం ప్షెమిషుల్ రైల్వే స్టేషన్‌లో వేడి సూప్, దుప్పట్లు, సిమ్ కార్డులు పట్టుకుని ఊళ్ళోవాళ్ళు నిలబడ్డారు. ఇంట్లో చోటిచ్చినవాళ్ళకి ప్రభుత్వం మనిషికి రోజుకి 40 జ్లోటీలు ఇచ్చింది. కొత్తగా వచ్చినవాళ్ళకి పౌరుల గుర్తింపు నంబరే ఇచ్చి బడుల్లో, ఉద్యోగాల్లో చేర్చుకున్నారు. అంత పని అంత వేగంగా చేసిన దేశం మీద నాకు గౌరవం ఉంది. అదే పోలండ్, అదే నెలల్లో, బెలారుస్ సరిహద్దున బియలొవియేజా అడవిలో సిరియన్లని, ఇరాకీలని, అఫ్ఘాన్లని వెనక్కి నెట్టింది. బెలారుస్ పాలకుడు లుకషెంకో వాళ్ళని కావాలనే సరిహద్దుకి తోలాడన్నది నిజమే. వాళ్ళలో కొందరు చలికి చచ్చిపోవడమూ నిజమే. 2022 జూన్ నాటికి అక్కడ 186 కిలోమీటర్ల ఉక్కు గోడ లేచింది. ఒకే దేశం, ఒకే చలి, రెండు సరిహద్దులు.

దీనికి కారణాలు అడిగితే చాలా చెబుతారు. ఉక్రెయిన్ పక్కదేశం, భాష దగ్గర, వచ్చినవాళ్ళు ఆడవాళ్ళూ పిల్లలూ, ఎందుకంటే 18 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళని ఆ దేశం అప్పట్లో బయటికి వెళ్ళనివ్వలేదు, శత్రువు ఉమ్మడి శత్రువు. అన్నీ సరే. చర్మం రంగు, మతం అన్న మాటలు మాత్రం ఆ జాబితాలో రావు. మన పిల్లలకి మాత్రం అవి అనుభవంలోకి వచ్చాయి. ఉక్రెయిన్‌లో వైద్యం చదువుతున్న భారతీయ విద్యార్థుల్లో ఆంధ్ర, తెలంగాణ జిల్లాల పిల్లలు వందల్లో ఉన్నారు. పోలండ్ సరిహద్దున షెహిని, మెదికా దగ్గర గడ్డకట్టే చలిలో గంటల తరబడి వరసల్లో నిలబడ్డప్పుడు విదేశీ విద్యార్థుల్ని వెనక్కి నెట్టారని అప్పుడే వార్తలొచ్చాయి. మన పిల్లలకి తిరిగొచ్చే ఇల్లుంది. వాళ్ళని తెచ్చేందుకు భారత ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ గంగ విమానాలు వచ్చాయి. ఇరవై వేలకు పైగా భారతీయులు ఉక్రెయిన్ నుంచి ఇంటికి చేరారు. ఇల్లే లేనివాడికి ఆ వరస చివర ఏం ఉంటుందో మనం ఊహించుకోవాలి.

ఉక్రెయిన్ నుంచి నేను తీసుకునే పాఠం యూరప్ ద్వంద్వ నీతి ఒక్కటే కాదు. అది అందరూ చెప్పారు. నాకు అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఎక్కడికి వెళ్ళాలో మనుషుల్నే తేల్చుకోనిస్తే, ఎవరూ పంచకుండానే, కోటాలకంటే మెరుగ్గా పంపిణీ జరిగింది. అంతా జర్మనీకే పోతారన్న భయం పూర్తిగా నిజం కాలేదు. పోలండ్, చెక్ రిపబ్లిక్, లిథువేనియా, ఎస్తోనియాల్లోనూ నిలబడ్డారు. ఎందుకంటే అక్కడ ముందే పనిచేస్తున్న బంధువులు ఉన్నారు. అయితే సగమే జరిగింది. మనుషులు వెళ్ళారు, డబ్బు వాళ్ళ వెంట వెళ్ళలేదు. వెనకబడిన ప్రాంతాల అభివృద్ధికి కేటాయించిన నిధుల్నే శరణార్థులకి మళ్ళించుకోవచ్చని బ్రస్సెల్స్ అనుమతి ఇచ్చింది. అది కొత్త డబ్బు కాదు. ఎవరి జేబులో డబ్బు వాళ్ళు తీసుకోవచ్చన్న అనుమతి. వార్సా మేయరుకి బడి గదులు కావాలి, ప్రాగ్ మేయరుకి ఇళ్ళు కావాలి.

కొత్త ఒప్పందం సంగతి. వలసలు, ఆశ్రయం మీద కొత్త చట్టాల కట్టని పార్లమెంటు 2024 ఏప్రిల్ 10న, మంత్రుల మండలి మే 14న ఆమోదించాయి. దాని అమలు తేదీ 2026 జూన్ 12. ఒత్తిడిలో ఉన్న దేశాలకి మిగతావాళ్ళు సాయం చెయ్యడం ఇందులో తప్పనిసరి. చేసే పద్ధతి మాత్రం ఎవరి ఇష్టం వాళ్ళది. మనుషుల్ని తీసుకోవచ్చు, లేదా తీసుకోని ప్రతి మనిషికీ 20,000 యూరోలు కట్టొచ్చు, లేదా సిబ్బందినో సామగ్రినో పంపొచ్చు. ఎవరి వాటా ఎంతో సగం జనాభా, సగం జాతీయాదాయం లెక్కన తేలుస్తారు. ఏడాదికి కనీసం 30 వేల తరలింపులు, 60 కోట్ల యూరోలు అన్నది చట్టంలో రాసుకున్న కొలమానం. హంగరీ, పోలండ్ వ్యతిరేకించాయి. 2023లో పోలండ్‌లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రధాని డొనాల్డ్ టుస్క్ కూడా ఈ విషయంలో పాత ప్రభుత్వం దారే పట్టారు. పది లక్షల మందిని ఉంచుకున్నాం, మా లెక్కలో అది రాయరా అని వాళ్ళు అడిగారు. అది న్యాయమైన ప్రశ్న.

ఇరవై వేల యూరోలు కట్టి తప్పించుకోవడం అన్న ఆలోచన కొత్తదేం కాదు. యేల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పిన పీటర్ షక్ 1997లోనే శరణార్థుల కోటాల్ని దేశాలు ఒకదానికొకటి అమ్ముకోవచ్చని ప్రతిపాదించారు. మనుషుల్ని సరుకు చేస్తున్నారని ఆయన్ని చాలామంది తిట్టారు. నా అభ్యంతరం అది కాదు. డబ్బు ఇచ్చి మనుషుల్ని ఇంకొకరి దగ్గర ఉంచడం యూరప్ ఈ కొత్త ఒప్పందానికి ముందు నుంచే చేస్తోంది, ఇంకా పెద్ద ఎత్తున, ఇంకా తక్కువ ధరకి. 2016 మార్చి 18న టర్కీతో చేసుకున్న ఏర్పాటుకి ఇస్తామన్నది 600 కోట్ల యూరోలు. టర్కీలో అప్పుడున్న సిరియన్లు ఇరవై ఏడు లక్షల దాకా. లెబనాన్‌లో అయితే అప్పట్లో ప్రతి నలుగురైదుగురిలో ఒకరు సిరియన్. ప్రపంచంలోని శరణార్థుల్లో నూటికి డెబ్భై మందికి పైగా పేద, మధ్యాదాయ దేశాల్లోనే ఉంటారు. యూరప్ లోపల ఎవరెంత పంచుకోవాలన్న వాదన ఎంత గట్టిగా వినిపించినా, అసలు పంపకం యూరప్ బయటే జరిగిపోయిందని మరిచిపోకూడదు.

మరి ఏం చెయ్యాలి? నా మాట ఇది. మనుషుల్ని పంచే లెక్కలు మానాలి, ఖర్చుని పంచే లెక్క వెయ్యాలి. ఎక్కడ బంధువులున్నారో, ఎక్కడ భాష వచ్చో, ఎక్కడ పని దొరుకుతుందో అక్కడికి మనిషిని వెళ్ళనివ్వాలి. ఆ దేశానికి మొదటి మూడు నాలుగేళ్ళ ఖర్చు యూనియన్ బడ్జెట్ నుంచి తలకింత అని నేరుగా ముట్టాలి. ఏటేటా మంత్రులు బేరాలాడి తేల్చే నిధిలా కాకుండా, వ్యవసాయ సబ్సిడీ లాగా నియమం ప్రకారం రావాలి. ఇష్టం తెలుసుకోవడం కష్టం అనేవాళ్ళకి మన ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్ చూపిస్తాను. లక్షలమంది పిల్లలు వెబ్ ఆప్షన్లు పెడతారు, కాలేజీల సీట్లు తెలుసు, కంప్యూటరు రెంటినీ జతచేస్తుంది. మొదటి ఆప్షన్ అందరికీ రాదు, అయినా ఎవరి మాటా అడక్కుండా సీటు ఇవ్వరు. స్విట్జర్లాండ్ 2018లో ఇలాంటిదే మొదలుపెట్టింది. ఏ కాంటన్‌లో (రాష్ట్రంలో) ఎవరికి పని దొరికే అవకాశం ఎక్కువో లెక్కవేసి పంపడాన్ని ప్రయోగాత్మకంగా చూసింది.

దీని మీద అభ్యంతరాలు తెలుసు. అందరూ జర్మనీనే అడుగుతారు అంటారు. డబ్లిన్ ఉండగానే 2015లో అడిగారు, ఆపలేకపోయారు. అద్దెకి ఇల్లు దొరకని మ్యూనిక్‌లో డబ్బిచ్చినంత మాత్రాన ఇళ్ళు పుట్టుకొస్తాయా అంటారు. రావు. దానికి నా దగ్గర సమాధానం లేదు, ఇల్లు కట్టడానికి పట్టే కాలం పడుతుంది. అందరూ డబ్బే కట్టి ఒక్కరూ ఉంచుకోకపోతే ఏమవుతుంది అంటారు. ఇది అన్నింటికంటే బలమైన అభ్యంతరం. అందుకే ఏ దేశమూ పూర్తిగా డబ్బుతో తప్పించుకోకుండా, ప్రతి దేశమూ కొంతమందినైనా ఉంచుకోవాలన్న కనీస వాటా ఉండాలని నేనంటాను. దాన్ని పాటించకపోతే ఎలా అంటే, తీర్పుని ధిక్కరిస్తే జరిమానా వేయడం కోర్టుకి చేతనవుతుందని 2024 జూన్ 13న తేలింది. ఆశ్రయ చట్టాల తీర్పు పాటించనందుకు హంగరీకి 20 కోట్ల యూరోలు, ఆపైన రోజుకి పది లక్షలు వేశారు.

ఇంతదూరం నుంచి యూరప్‌కి నీతి చెప్పే హక్కు మనకుందా? కొంత ఉంది. 1971లో తూర్పు బెంగాల్ నుంచి సుమారు కోటి మంది వస్తే ఉంచుకున్న దేశం ఇది. ప్రపంచం ఇచ్చిన సాయం మొత్తం ఖర్చులో కొంతే. ఉత్తరం మీద అయిదు పైసల కాందిశీకుల సహాయ నిధి స్టాంపు అంటించిన చేతులు ఈ సభలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ స్టాంపుతో ఖర్చు తలా ఇంత అని దేశమంతా పంచుకుంది. నేను యూరప్‌ని అడుగుతున్నదీ అదే. కొంత లేదు కూడా. 1951 ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు, శరణార్థుల చట్టం ఇప్పటికీ చేసుకోలేదు. హైదరాబాదులో బాలాపూర్ దాకా వెళ్తే రోహింగ్యా కుటుంబాలు కనిపిస్తాయి. వాళ్ళకి రేపు ఏమవుతుందో చెప్పే చట్టం లేదు.

యూరప్ కొత్త చట్టం తెచ్చింది, నిధి పెట్టింది, లెక్క సూత్రం రాసింది, జరిమానాలకీ వెనకాడటం లేదు. అవన్నీ మంచివే. కానీ 1990లో డబ్లిన్‌లో రాసిన, మొదట అడుగుపెట్టిన దేశానిదే బాధ్యత అన్న నిబంధన 2024 చట్టంలోనూ ఉంది. ఆ ఒక్కటి ఉన్నంతకాలం దీన్ని పంపకం అనడానికి నేను ఒప్పుకోను.